పౌర గ్రంథాలయాలు, వయోజనుల ఉపన్యాస కార్యక్రమాలు: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– ఆంధ్ర గ్రంథాలయోద్యమంలో ఉపన్యాసానికి, సామూహిక పఠనానికి ఉన్న స్థానాన్ని వివరించగలుగుతారు;
– గ్రంథాలయ చట్టం వల్ల కలిగిన లాభాన్ని, జరిగిన నష్టాన్ని బేరీజు వేయగలుగుతారు;
– గ్రంథాలయమూ వయోజన విద్యా వేర్వేరు శాఖలుగా ఎదగడం వల్ల వచ్చిన ఫలితాన్ని చర్చించగలుగుతారు;
– ఒక కార్యక్రమ ప్రకటనను చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వెళ్ళే జాతీయ రహదారి మీద, గూడెం చేరకముందే ఉంగుటూరు వస్తుంది. ఉత్తరాన మెట్ట భూములు, దక్షిణాన డెల్టా మాగాణి, నైరుతి దిక్కున కొల్లేరు. గోదావరి ఏలూరు కాలువ ఈ ఊళ్ళను ఒకదానితో ఒకటి కలుపుతూ పోతుంది. ఇలాంటి మండల కేంద్రాల్లోని శాఖా గ్రంథాలయాల గోడ మీద నవంబరు నెలలో ఒక కాగితం కనిపిస్తుంది. అది జాతీయ గ్రంథాలయ వారోత్సవాల కార్యక్రమ పట్టిక. 14వ తేదీన ప్రారంభ సభ, తరువాత పుస్తక ప్రదర్శన, విద్యార్థులకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, కవి సమ్మేళనం, మహిళలకు ఒక రోజు, 20న ముగింపు సభ, బహుమతి ప్రదానం. ఏ జిల్లాలో చూసినా కొద్ది తేడాలతో ఇదే వరుస.

ఈ కాగితాన్ని మనం సాధారణంగా ఒకసారి చూసి వదిలేస్తాం. చరిత్ర విద్యార్థి అలా వదిలేయకూడదు. అందులో ఒక ప్రశ్న దాగి ఉంది. గ్రంథాలయం అంటే పుస్తకాలు ఉండే చోటు కదా, మరి అక్కడ సభలెందుకు, ఉపన్యాసాలెందుకు? అవి పుస్తకాల చుట్టూ కట్టిన తోరణాలా, లేక గ్రంథాలయం పుట్టుకలోనే ఉన్న పనా? తెలుగునాట ఉపన్యాసం గ్రంథాలయానికి అలంకారంగా రాలేదు. చదవలేని వయోజనుడికి గ్రంథాలయంలో ప్రవేశించే దారి అదే. ఆ దారి ఎలా ఏర్పడింది, ఎందుకు ఇరుకైంది అనేదే ఈ పాఠంలోని చర్చ.

2. ఒకరు చదవగా పదిమంది వినడం

1911 జనాభా లెక్కల ప్రకారం బ్రిటిష్ ఇండియాలో అక్షరాస్యులు నూటికి సుమారు ఆరుగురు. స్త్రీలలో ఆ సంఖ్య ఇంకా తక్కువ. అలాంటి సమాజంలో పుస్తకాలు కొని బీరువాలో పెడితే ఎంతమందికి ఉపయోగం? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తెలుగువారు ఎక్కడికో వెళ్ళనక్కర లేకపోయింది. పురాణ కాలక్షేపం మన ఊళ్ళకు కొత్త కాదు. ఒకరు పద్యం చదివి అర్థం చెబితే అరుగు మీద, గుడి మండపంలో పదిమంది వినేవారు. హరికథ కూడా అదే కోవలోనిది. గ్రంథం ఒకరి చేతిలో ఉన్నా విషయం పదిమంది చెవుల్లోకి వెళ్ళేది. ఉద్యమకారులు ఈ పాత అలవాటుకు కొత్త విషయాన్ని జత చేశారు. పురాణం చదివిన చోటే వార్తాపత్రిక చదివారు. హరికథ విన్న జనానికే ఆరోగ్యం గురించి, సహకార సంఘాల గురించి, దేశ పరిస్థితి గురించి చెప్పారు.

ఈ అవసరం మనకు మాత్రమే కలిగినది కాదు. 1823లో లండన్‌లో జార్జ్ బర్క్‌బెక్ ప్రభృతులు స్థాపించిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ కార్మికులకు పుస్తకాలతో పాటు సాయంత్రపు ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది. అమెరికాలో 1826లో జోసయ్య హోల్‌బ్రుక్ మొదలుపెట్టిన లైసియం ఉద్యమం ఊరూరా ఉపన్యాసాలను నడిపింది. మన దేశంలో బరోడా సంస్థానాధీశుడు శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుండి విలియం బోర్డెన్‌ను రప్పించి గ్రంథాలయ వ్యవస్థను నిర్మింపజేశాడు. ఆ వ్యవస్థలో చదవలేనివారి కోసం మ్యాజిక్ లాంతరు ప్రదర్శనలు నడిపే విభాగం కూడా ఉండేది. అయితే ఒక తేడా గమనించాలి. బరోడాలో ఇదంతా రాజు ఆజ్ఞతో, రాజు ధనంతో జరిగింది. ఆంధ్రలో ఊరివారు చందాలు వేసుకుని చేశారు.

3. ఉద్యమ కాలం

మన ప్రాంతం ఈ విషయంలో ముందు వరుసలోనే ఉంది. భీమవరం దగ్గరి కుముదవల్లిలో 1897లో భూపతిరాజు తిరుపతిరాజు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయాన్ని స్థాపించాడు. కందుకూరి వీరేశలింగం జీవించి ఉండగానే ఒక పల్లెటూరు ఆయన పేరు పెట్టుకుని గ్రంథాలయం తెరిచిందన్నమాట. పేరులో 'సమాజం' అనే మాట ఉండటం కూడా గమనించదగినదే. నాటి గ్రంథాలయాలకు సమాజం, సంఘం, నిలయం అనే పేర్లు ఎక్కువ. పుస్తకాల గది కంటే ముందు మనుషుల కూడిక ఉన్నదని ఆ పేర్లు చెబుతాయి.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికి వెనుక నిలిచి పనిచేసినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. అధ్యక్షత వహించినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. చిలకమర్తి మన ప్రాంతపు మనిషి. పుట్టింది ఖండవల్లి, పెరిగింది వీరవాసరం. చిన్ననాటి నుండి ఆయనకు చూపు సరిగా ఉండేది కాదు. చూపు తక్కువైన ఆ రచయిత గ్రంథాలయాల తొలి మహాసభకు అధ్యక్షుడు కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా, విద్య కంటితోనే కాక చెవితో కూడా వస్తుందని చెప్పడానికి ఆయన కంటే తగిన ఉదాహరణ దొరకడం కష్టం. 1909లోనే ఆయన రాజమండ్రిలో దళితుల కోసం బడి తెరిచాడు.

సంఘం తరఫున వెలువడిన 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక ఊరూరి గ్రంథాలయాలకు దారి చూపింది. 1919 నవంబరులో మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరగడంలో కూడా అయ్యంకి కృషి ఉంది. ఆ సభకు బరోడాకు చెందిన కుదల్కర్ అధ్యక్షుడు. నేటి వారోత్సవాలు నవంబరులో జరగడానికి మూలం ఆ సభే. 1968 నుండి నవంబరు 14–20 తేదీలను జాతీయ గ్రంథాలయ వారోత్సవాలుగా పాటిస్తున్నారు. అంటే గోడ మీది ఆ కాగితం కూడా ఒక సభ జ్ఞాపకమే.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి చాలాకాలం అధ్యక్షుడుగా ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లోనే రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్ళిన పాత్రికేయుడు. తరువాతి జీవితంలో ఆయన రెండు పనులను కలిపి చేశాడు. ఒకటి గ్రంథాలయం, రెండోది వయోజన విద్య. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండటం ఆ కాలపు లక్షణం. తరువాతి కాలంలో ఏం జరిగిందో ముందు చూస్తాం కనుక ఈ విషయాన్ని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: చదువు రానివారు ఎక్కువగా ఉన్న సమాజంలో గ్రంథాలయోద్యమం ఎలా సాధ్యమైంది? నాలుగైదు వాక్యాల్లో రాయండి.

4. కాలువ వెంట నడిచిన గ్రంథాలయం

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. వాటి కాలువలు పంటకు నీళ్ళు ఇవ్వడమే కాక పడవ దారులు కూడా అయ్యాయి. ఉంగుటూరు మీదుగా పోయే గోదావరి ఏలూరు కాలువ, ఏలూరులో కృష్ణా కాలువతో కలుస్తుంది. ధాన్యమూ కొబ్బరీ మనుషులూ ఆ దారిన ప్రయాణం చేసిన రోజులున్నాయి.

ఈ నీటి దారిని గ్రంథాలయానికి వాడినవాడు పాతూరి నాగభూషణం. ఆయన పనిచేసింది మన డెల్టాలో కాదు, కృష్ణ పశ్చిమ డెల్టాలో, గుంటూరు జిల్లా పెదపాలెంలో. 1935లో అక్కడి కాలువ మీద ఆయన పడవ గ్రంథాలయాన్ని నడిపాడు. పడవలో గంటల తరబడి కూర్చునే ప్రయాణికులకు పుస్తకాలు, పత్రికలు అందాయి. చదువుకోవడానికి తీరిక దొరికే చోటు ఏది అని వెతికి, పుస్తకాన్ని అక్కడికే తీసుకువెళ్ళడం ఆయన పద్ధతి. పాఠకుడు గ్రంథాలయానికి రావాలని ఎదురుచూడకపోవడం ఉద్యమం నేర్పిన మొదటి పాఠం. కాలినడకన ఊరూరూ తిరిగి సభలు జరిపిన గ్రంథాలయ యాత్రలు కూడా ఈ పాఠంలోంచి వచ్చినవే.

5. మాటకు అనుమతి

అదే కాలంలో నిజాం పాలనలోని తెలంగాణలో పరిస్థితి వేరు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఏర్పడ్డాయి. అక్కడ తెలుగు పుస్తకం చదవడమే ఒక ఉద్యమం. ఉపన్యాసం సంగతి చెప్పనక్కర లేదు. 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు ప్రకారం బహిరంగ సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఈ ఉత్తర్వు రద్దు కావాలని ఆంధ్ర మహాసభ పదేపదే కోరవలసి వచ్చింది.

ఉపన్యాసం విలువ ఎంతో ఆ ఉత్తర్వు మనకు చెబుతుంది. బీరువాలోని పుస్తకం కంటే దాని గురించి పదిమంది కూర్చుని మాట్లాడుకోవడం పాలకులకు ఎక్కువ భయం కలిగించింది. తెలంగాణలో ఆంధ్ర మహాసభకు కార్యకర్తలను అందించిన చోట్లలో గ్రంథాలయాలు ముఖ్యమైనవి కావడం కూడా ఇందుకు సాక్ష్యమే.

అయితే ఉద్యమాన్ని పూర్తిగా పొగడ్తతో చూడటం సరైన చరిత్ర కాదు. స్వచ్ఛంద గ్రంథాలయాల నిర్వహణ ఎక్కువగా చదువు, భూమి ఉన్న వర్గాల పురుషుల చేతుల్లో ఉండేది. గుడి మండపంలోనో పెద్దల అరుగు మీదో సభ పెడితే ఆ మండపంలోకి, అరుగు మీదికి రానివ్వనివారు ఆ సభకు శ్రోతలు కాలేరు. తొలి గ్రంథాలయ మహాసభ జరిగిన మూడేళ్ళకు, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్రుల మహాసభ జరిగింది. రెండు సభలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 'అందరికీ' అన్న మాటలో ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది.

6. చట్టం వచ్చిన తరువాత

1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని వెనుక రంగనాథన్ కృషి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆస్తి పన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. ప్రస్తుతం అది పన్నులో రూపాయికి 8 పైసలు.

చట్టం చేసిన మేలు చిన్నది కాదు. చందాలిచ్చే పెద్దమనిషి దయ మీద ఆధారపడిన సంస్థకు నిలకడైన ఆదాయం వచ్చింది. జీతం తీసుకునే గ్రంథాలయాధికారి వచ్చాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రవేశం హక్కు అయింది. ఏ కులం వారైనా, స్త్రీ అయినా పురుషుడైనా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని పత్రిక చదవవచ్చు. అరుగు మీది సభ ఇవ్వలేనిది ఇదే.

నష్టం మరో వైపు జరిగింది. పుస్తకాలు ఎన్ని, చందాదారులు ఎందరు, రోజుకు ఎందరు వచ్చారు అనే లెక్కలు రిజిస్టరులో నిలిచాయి. ఒక ఉపన్యాసం విని ఎవరు ఏం ఆలోచించారనేది రిజిస్టరుకు ఎక్కదు. లెక్కకు రాని పనికి బడ్జెట్టులో చోటు తగ్గడం సహజం. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరకపోవడం తరచూ వినిపించే సమస్య. డబ్బు తక్కువైనప్పుడు ముందు ఆగేది ఉపన్యాస కార్యక్రమమే. అలా ఏడాది పొడవునా జరగవలసిన పని నవంబరులోని ఏడు రోజులకు కుదించుకుపోయింది. ఆ ఏడు రోజుల్లో కూడా వేదిక మీది సన్మానాలు పోను వయోజన శ్రోతకు మిగిలే సమయం ఎంతో మీరే గమనించండి.

7. విడిపోయిన రెండు శాఖలు

1951 అక్టోబరు 27న ఢిల్లీ పౌర గ్రంథాలయాన్ని నెహ్రూ ప్రారంభించాడు. యునెస్కో సహాయంతో ఏర్పడిన ప్రయోగాత్మక సంస్థ అది. అందులో వయోజనుల కోసం ఉపన్యాసాలు, చర్చలు, చలనచిత్ర ప్రదర్శనలు నడిపే సాంఘిక విద్యా విభాగం ఉండేది. గ్రంథాలయమూ వయోజన విద్యా ఒకే కప్పు కింద నడవగలవని ఆ ప్రయోగం చూపింది.

మన రాష్ట్రంలో ఆ రెండూ వేర్వేరు ప్రభుత్వ శాఖలుగా పెరిగాయి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ సాక్షరతా మిషన్, 2009లో సాక్షర భారత్ మొదలయ్యాయి. ప్రతి పథకానికీ వేరే కేంద్రాలు, వేరే కార్యకర్తలు. పథకం ముగియగానే కేంద్రం మూతపడేది. అక్షరాలు నేర్చుకున్న వయోజనుడు తరువాత ఏం చదవాలి, ఎక్కడ కూర్చోవాలి? పక్క వీధిలోనే శాఖా గ్రంథాలయం ఉన్నా అది వేరే శాఖది. గాడిచర్ల ఒక్కడే మోసిన రెండు పనులు రెండు కార్యాలయాల మధ్య విడిపోయాయి.

అక్షరంతో పాటు చర్చ కలిస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి కేంద్రాల్లో స్త్రీలు వాచకంలోని పాఠాలు చదివి, వాటి మీద మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు 1992లో సారాకు వ్యతిరేకంగా లేచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. మద్య నిషేధం తరువాత సడలిపోయిన మాట నిజం. కానీ మనకు ఇక్కడ ముఖ్యమైనది ఇది: ఆ స్త్రీలను కదిలించింది వాచకం ఒక్కటే కాదు, సారాతో ఇల్లు నడవక పడిన బాధ ఒక్కటే కాదు. వాచకంలో తమ బాధే కనిపించినప్పుడు దాని మీద కలిసి మాట్లాడుకునే చోటు, వేళ వారికి దొరికాయి.

8. ఉంగుటూరు ప్రాంతానికి అన్వయం

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో అక్షరాస్యులు నూటికి డెబ్బై మందికి పైగా ఉన్నారు. అందువల్ల ఉపన్యాసం అవసరం తీరిపోయిందా? లేదు. దాని పని మారింది. నాడు చదవలేనివారికి విషయం చెప్పడానికి ఉపన్యాసం కావాలి. నేడు ఫోనులో వచ్చిన ప్రతిదీ చదవగలిగినవారికి, ఏది నమ్మాలో తేల్చుకోవడానికి కావాలి.

ఉదాహరణకు కొల్లేరు. 1999లో ఐదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చెరువు పోయిన రైతుకూ, చెరువుల మీద కూలి చేసేవారికీ, సరస్సులో వల వేసి బతికే మత్స్యకారులకూ, వరద ముంపు భయంతో ఉండే పై ఊళ్ళవారికీ ఈ విషయంలో అభిప్రాయాలు ఒకటి కావు. భీమడోలు, నిడమర్రు మండలాల వారికి ఇది పుస్తకంలోని సంగతి కాదు, ఇంటి సంగతి. కాంటూరు అంటే ఏమిటి, అభయారణ్యం నిబంధనలు ఏమిటి, నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి ఎలా పోతుంది అనే విషయాలను అన్ని పక్షాల వారూ ఒకే గదిలో కూర్చుని వినగలిగే చోటు ఏది? పార్టీ కార్యాలయం కాదు, కుల సంఘ భవనం కాదు. చట్టం ప్రకారం అందరిదీ అయిన గది ఊళ్ళో గ్రంథాలయమే.

వక్తలకు కూడా ఈ ప్రాంతంలో లోటు లేదు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఉన్నాయి. లోటు ఉన్నది కార్యక్రమాన్ని ఊరి కాలంతో కలపడంలో. సార్వా నాట్ల రోజుల్లో, దాళ్వా కోతల్లో పగటి సభ పెడితే రైతూ కూలీ రారు. కాలువలు కట్టేసే వేసవిలో, సాయంత్రం దీపాల వేళ పెడితే వస్తారు. వంట పని వేళకు సభ పెట్టి స్త్రీలు రాలేదనడం న్యాయం కాదు. పడవ ప్రయాణికుడి తీరికను గమనించిన నాగభూషణం పద్ధతి ఇక్కడే మనకు పనికివస్తుంది.

9. ప్రకటనను ఆధారంగా చదవడం

మీ ఊరి గ్రంథాలయ చరిత్ర రాయాలంటే పెద్ద గ్రంథాలు దొరకకపోవచ్చు. పాత కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు, తీర్మానాల పుస్తకాలు దొరుకుతాయి. వాటిని ఈ ఐదు ప్రశ్నలతో పరిశీలించండి.

(అ) విషయం ఏమిటి? సాహిత్యమా, వ్యవసాయమా, ఆరోగ్యమా, చట్టమా?
(ఆ) వక్త ఎవరు? బయటివారా, ఊరివారా? స్త్రీలు వక్తలుగా ఉన్నారా, ప్రార్థనా గీతానికే పరిమితమా?
(ఇ) వేళ, రుతువు ఏమిటి? ఆ వేళ ఎవరికి తీరిక ఉంటుంది?
(ఈ) చోటు ఎవరిది? అక్కడికి ఎవరు రాలేరు?
(ఉ) శ్రోతలకు ప్రశ్నలడిగే సమయం ఇచ్చారా?

కరపత్రం జరగవలసినదాన్ని చెబుతుంది, జరిగినదాన్ని కాదు. అందుకని ఆ సభకు వెళ్ళిన పెద్దలను కలిసి అడగాలి. ఎవరు వచ్చారు, ఏం గుర్తుంది, దాని వల్ల ఏమైనా మారిందా అని అడిగి రాసుకోవాలి. రాతలో ఉన్నదానికీ జ్ఞాపకంలో ఉన్నదానికీ తేడా వస్తే ఆ తేడాను కూడా నమోదు చేయాలి.

10. సారాంశం

తెలుగునాట గ్రంథాలయం వినికిడి సంస్కృతిలోంచి పుట్టింది. ఉద్యమ కాలంలో పుస్తకమూ ఉపన్యాసమూ కలిసి నడిచాయి, అయితే అందరినీ కలుపుకోలేదు. చట్టం ప్రవేశాన్ని హక్కుగా చేసింది, నిలకడ ఇచ్చింది. కానీ వయోజన విద్య వేరే శాఖకు పోవడంతో ఉపన్యాసం ఏడాదికి ఒక వారానికి పరిమితమైంది. చట్టం ఇచ్చిన హక్కునూ ఉద్యమం చూపిన చొరవనూ మళ్ళీ కలపడం ఇప్పుడు మిగిలిన పని.

ఈ పని మీకు పరాయిది కాదు. 1982లో మన రాష్ట్రంలో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది, కళాశాలకు వెళ్ళలేకపోయిన వయోజనుల కోసమే. పగలు పని చేసుకుని రాత్రి ఈ పాఠం చదువుతున్న మీరు ఆ చరిత్రలో భాగమే. ఈ నవంబరులో మీ ఊరి గ్రంథాలయం గోడ మీద కాగితం కనిపిస్తే ఆగి చదవండి. వయోజనులకు అందులో చోటు లేకపోతే లోపలికి వెళ్ళి గ్రంథాలయాధికారిని అడగండి. అడగడానికి మీకు హక్కు ఉంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆంధ్ర గ్రంథాలయోద్యమాన్ని వయోజన విద్యా ఉద్యమంగా కూడా చూడవచ్చా? చర్చించండి.
2. పౌర గ్రంథాలయాల చట్టం వల్ల కలిగిన లాభనష్టాలను అంచనా వేయండి.

II. ఈ కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పడవ గ్రంథాలయం.
2. గస్తీ నిషాన్ 53.
3. మీ ప్రాంతంలోని ఒక గ్రంథాలయ కార్యక్రమ ప్రకటనను సేకరించి, పాఠంలోని ఐదు ప్రశ్నల ఆధారంగా పరిశీలించండి.